పర్యావరణ న్యాయ కార్యాలయాన్ని ఏర్పాటు చేయడం ఎలా

పేదలు నివసించే ఒక వాడ పక్కన రసాయన కర్మాగారం ఉంటుంది. దాని పొగకు ఒక అనుమతి, మురుగునీటికి మరొక అనుమతి ఉంటాయి. కొంచెం అవతల చెత్తను కాల్చే కేంద్రం ఉంటుంది, దానికి వేరే విభాగం అనుమతి ఇచ్చి ఉంటుంది. వీధి చివర రాత్రంతా డీజిల్ లారీలు తిరిగే గోదాములుంటాయి, వాటి మీద అజమాయిషీ స్థానిక సంస్థది. ఏ ఫైలు తెరిచినా కొలతలు పరిమితికి లోబడే ఉన్నట్టు కనిపిస్తాయి కానీ, వాటన్నిటినీ కలిపి పీలుస్తూ, ఆ నీళ్లే తాగుతూ బతికే మనిషి లెక్క ఏ ఫైల్లోనూ ఉండదు. ఆ లెక్క రాసే బాధ్యతను ఒకరికి చట్టబద్ధంగా అప్పగించడమే పర్యావరణ న్యాయ కార్యాలయం ఏర్పాటులోని అసలు ఉద్దేశం.

అలాంటి కార్యాలయానికి ముసాయిదా తయారు చేసే అధికారులకు, దాన్ని సభలో ప్రవేశపెట్టే ప్రజాప్రతినిధులకు, అది కావాలని అడుగుతున్న ప్రజాసంఘాలకు ఉపయోగపడేలా ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇందులోని ఉదాహరణలు ఎక్కువగా అమెరికావి. ఆ పేరుతో ప్రభుత్వ కార్యాలయాలు మూడు దశాబ్దాలుగా పనిచేసిన దేశం అదే కాబట్టి, అవి ఎలా నిలబడ్డాయో, ఎందుకు కూలిపోయాయో రెండూ అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

ముందుగా తెలుసుకోవలసిన చరిత్ర

1978లో నార్త్ కరోలినా రాష్ట్రంలో పీసీబీ అనే విషపదార్థం కలిసిన నూనెను కొందరు దొంగచాటుగా వందల మైళ్ల పొడవున రోడ్ల అంచుల్లో పారబోశారు. ఆ మట్టిని తవ్వి పూడ్చడానికి రాష్ట్ర ప్రభుత్వం వారెన్ కౌంటీని ఎంచుకుంది. అక్కడి జనాభాలో నల్లజాతివారే ఎక్కువ, అందులోనూ పేదలు ఎక్కువ. 1982లో మట్టి లారీలు వస్తుంటే జనం రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు, 500 మందికి పైగా అరెస్టయ్యారు. పూడ్చివేత ఆగలేదు. కానీ ఆ మరుసటి ఏడాదే, అమెరికా పార్లమెంటు తరఫున ఖర్చులనూ పథకాలనూ పరిశీలించే సంస్థ ఎనిమిది ఆగ్నేయ రాష్ట్రాల్లో ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే నాలుగు పెద్ద స్థలాలను పరిశీలించి, వాటిలో మూడు నల్లజాతివారు ఎక్కువగా ఉన్న చోట్లే ఉన్నాయని తేల్చింది. అప్పటిదాకా అనుభవంగా చెప్పుకున్నది ఆ నివేదికతో ప్రభుత్వ పత్రాల్లోకి ఎక్కింది.

1992లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఈ పని కోసం ఒక కార్యాలయం తెరిచింది. 1994 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు బిల్ క్లింటన్ 12898 సంఖ్య గల కార్యనిర్వాహక ఉత్తర్వు మీద సంతకం చేసి, ప్రతి కేంద్ర సంస్థా తన పనుల వల్ల పేదల మీద, అల్పసంఖ్యాక జాతుల మీద పడే భారాన్ని గుర్తించి సరిదిద్దాలని ఆదేశించారు. 2022 సెప్టెంబరులో ఈపీఏ 200 మందికి పైగా సిబ్బందితో ఆ కార్యాలయాన్ని జాతీయ స్థాయికి పెంచుతున్నట్టు ప్రకటించింది, ఆ ప్రకటన చేయడానికి వారెన్ కౌంటీనే ఎంచుకుంది. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం 1994 నాటి ఉత్తర్వును రద్దు చేసింది, మార్చిలో ఈపీఏ ఈ కార్యాలయాలను మూసివేస్తున్నట్టు ప్రకటించింది.

చట్టంతో మొదలుపెట్టాలి

పై చరిత్రలోంచి నేను తీసుకునే పాఠం ఒక్కటే. కార్యాలయాన్ని ఉత్తర్వుతో తెరవడం సులువు, మూయడం అంతకంటే సులువు. 1994 నాటి ఉత్తర్వు చివరన ఒక నిబంధన ఉంది. ఈ ఉత్తర్వు ప్రభుత్వ అంతర్గత నిర్వహణను మెరుగుపరచడానికి మాత్రమేనని, దీని ఆధారంగా ఎవరూ కోర్టులో హక్కు కోరలేరని అందులో రాశారు. అంటే ఏ సంస్థ అయినా దాన్ని పాటించకపోతే బాధితులకు చేయగలిగింది ఏమీ లేదు. 2001లో అమెరికా సుప్రీంకోర్టు, అలబామాకు సంబంధించిన ఒక కేసులో, ప్రభుత్వ నిధులు పొందే సంస్థల చర్య ఫలితం వివక్షగా ఉందన్న కారణంతో మాత్రమే వ్యక్తులు నేరుగా దావా వేయలేరని తీర్పు చెప్పింది. ఇక మిగిలిన దారి కార్యాలయానికి ఫిర్యాదు రాసి ఎదురుచూడటమే.

కాబట్టి ముసాయిదా రాసేవారు ముందుగా చట్టసభ వైపు చూడాలి. చట్టం ఆలస్యమవుతుందని అనిపిస్తే ఉత్తర్వుతో పని ప్రారంభించవచ్చు, కానీ ఆ ఉత్తర్వులోనే బిల్లు ప్రవేశపెట్టే గడువును రాయాలి. బిల్లులో తప్పనిసరిగా ఉండవలసిన వాటిలో మొదటిది క్రియాపదం. "ఏర్పాటు చేయవచ్చు", "పరిగణనలోకి తీసుకోవచ్చు", "ప్రయత్నించాలి" వంటి మాటలు ఎక్కడ కనిపించినా కొట్టివేసి "చేయాలి", "ఇవ్వాలి", "తిరస్కరించాలి" అని రాయాలి. ఇది భాషా చాదస్తంలా అనిపించవచ్చు, కానీ రేపు న్యాయమూర్తి చూసేది ఆ క్రియాపదాన్నే.

తరువాత, కార్యాలయ అధిపతికి నిర్ణీత పదవీకాలం ఉండాలి. ఆ వ్యక్తిని తొలగించాలంటే కారణాన్ని రాతపూర్వకంగా చట్టసభ ముందుంచాలి. ఇతర శాఖల నుంచి సమాచారం రప్పించుకునే అధికారం, అది ఇవ్వడానికి గడువు, ఇవ్వకపోతే ఏమవుతుందన్న స్పష్టత చట్టంలోనే ఉండాలి. కార్యాలయం ఇచ్చిన సలహాను అనుమతులిచ్చే శాఖ పాటించకపోతే, పాటించకపోవడానికి కారణాలు రాసి ప్రచురించాలన్న నిబంధన చేర్చాలి. చివరగా, ఈ విధులను ప్రభుత్వం నెరవేర్చనప్పుడు పౌరులు కోర్టుకు వెళ్లే హక్కును పేరు పెట్టి రాయాలి. సమాచారం పొందడం, నిర్ణయాల్లో పాల్గొనడం, న్యాయస్థానాన్ని ఆశ్రయించడం అనే మూడు హక్కులనూ కలిపి చెప్పిన అంతర్జాతీయ ఒప్పందాలు రెండున్నాయి. 1998లో ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం చొరవతో కుదిరిన ఆర్హస్ ఒప్పందం ఒకటి, 2018లో లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలు చేసుకున్న ఎస్కాజూ ఒప్పందం రెండోది. ముసాయిదాలో పదజాలం దగ్గర సందేహం వచ్చినప్పుడు ఈ రెండింటి పాఠాలనూ పక్కన పెట్టుకోవడం మంచిది.

కాదనగలిగే అధికారం

కొత్త కార్యాలయానికి ఎన్ని విధులు రాసినా, అనుమతి ఫైలు మీద దాని సంతకం అవసరం లేకపోతే మిగతా శాఖలు దాన్ని పట్టించుకోవు. ఇది అధికారుల చెడ్డతనం కాదు, గడువుల ఒత్తిడిలో పనిచేసే ఏ కార్యాలయమైనా తప్పనిసరి సంతకాల కోసమే తిరుగుతుంది.

ఈ విషయంలో చదవదగిన చట్టం న్యూజెర్సీ రాష్ట్రానిది. 2020 సెప్టెంబరు 18న గవర్నర్ ఫిల్ మర్ఫీ దాని మీద సంతకం చేశారు, అమలు నిబంధనలు 2023లో వచ్చాయి. ఆ చట్టం అన్ని పరిశ్రమల జోలికీ పోలేదు. చెత్త దహన కేంద్రాలు, పూడ్చివేత స్థలాలు, పెద్ద మురుగునీటి శుద్ధి కేంద్రాలు, తుక్కు ఇనుము కేంద్రాలు, గాలిని భారీగా కలుషితం చేసే పరిశ్రమలు వంటి కొన్ని రకాలనే పేర్కొంది. భారం మోస్తున్న ప్రాంతంలో అలాంటి కొత్త కేంద్రం పెట్టాలనుకునే సంస్థ ముందుగా ప్రభావ నివేదిక తయారు చేయాలి, దాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు 60 రోజుల ముందే స్థానిక సంస్థకు పంపాలి, ఆ సభను ఆ ప్రాంతంలోనే జరపాలి. అక్కడ ఇప్పటికే ఉన్న కాలుష్యానికి ఈ కేంద్రం తోడైతే ఇతర ప్రాంతాలకంటే ఎక్కువ భారం పడుతుందని తేలితే, కొత్త కేంద్రానికి అనుమతిని శాఖ తిరస్కరించాలి. ఆ ప్రాంత ప్రజలకే తప్పనిసరిగా అవసరమైన ప్రజాప్రయోజనం ఉందని రుజువైతేనే మినహాయింపు. పాత కేంద్రాల విస్తరణకు, అనుమతుల పునరుద్ధరణకు తిరస్కరణ లేదు, షరతులు మాత్రమే పెట్టవచ్చు.

ముసాయిదా రాసేవారు ఇక్కడ ఆగి ఆలోచించవలసింది ఆ చివరి వాక్యం గురించే. భారం మోస్తున్న చాలా ప్రాంతాల్లో సమస్య రాబోయే కర్మాగారం వల్ల కంటే ఎప్పటినుంచో ఉన్న కర్మాగారం వల్లే ఎక్కువ. పాతవాటిని మూసేయమనడం రాజకీయంగా కష్టం, కొన్నిసార్లు ఆ వాడవారి ఉపాధి కూడా అందులోనే ఉంటుంది. అయినా పునరుద్ధరణ సమయంలో పెట్టే షరతులను కొలవదగిన అంకెల్లో రాయకపోతే అవి కాగితం మీదే ఉండిపోతాయి. "దుమ్ము తగ్గించే చర్యలు తీసుకోవాలి" అన్న షరతును తనిఖీ చేయడం అసాధ్యం. "ఫలానా తేదీలోగా బొగ్గు కుప్పల మీద కప్పు వేయాలి, కంచె దగ్గర దుమ్ము కొలత ఫలానా అంకె దాటితే లోడింగు ఆపాలి" అన్నది తనిఖీకి నిలబడుతుంది.

మినహాయింపు నిబంధన విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. "ప్రజాప్రయోజనం" అని వదిలేస్తే పన్నుల ఆదాయం, ఉద్యోగాలు అన్నీ అందులోకి వచ్చి చేరతాయి. ఆర్థిక లాభాన్ని ప్రజాప్రయోజనంగా లెక్కించకూడదని విడిగా రాయాలి.

ఏ ప్రాంతాలకు వర్తిస్తుంది

2004లో ఈపీఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్, అంటే సంస్థ పనితీరును లోపలి నుంచే తనిఖీ చేసే అధికారి, ఒక నివేదికలో, అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చి పదేళ్లయినా అది ఎవరికి వర్తిస్తుందో సంస్థ నిర్వచించుకోలేదని తప్పుపట్టారు. నిర్వచనం లేకపోతే ప్రతి ప్రాంతీయ కార్యాలయం తనకు తోచినట్టు చేస్తుంది, లేదా ఏమీ చేయదు. అందుకే కార్యాలయం తెరిచిన మొదటి నెలల్లోనే ప్రాంతాలను గుర్తించే పద్ధతి ఖరారు కావాలి.

పద్ధతులు రెండు రకాలు. ఒకటి గీత గీయడం. న్యూజెర్సీ ఇదే చేసింది. జనగణన కోసం విడదీసిన చిన్న ప్రాంతంలో 35 శాతం కుటుంబాలు తక్కువ ఆదాయం గలవైనా, 40 శాతం ప్రజలు అల్పసంఖ్యాక జాతులకు లేదా రాష్ట్రం గుర్తించిన తెగలకు చెందినవారైనా, 40 శాతం కుటుంబాలకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా అది చట్టం పరిధిలోకి వస్తుంది. ఇది అందరికీ అర్థమవుతుంది, కోర్టులో వాదించడం తేలిక. కాలుష్యం ఎంత ఉందన్నది తరువాతి అంచెలో చూస్తారు.

రెండోది మార్కులు వేయడం. కాలిఫోర్నియా 2013 నుంచి కాల్ఎన్విరోస్క్రీన్ అనే సాధనంతో రాష్ట్రంలోని సుమారు 8,000 చిన్న ప్రాంతాలకు మార్కులు వేస్తోంది. 2021లో వచ్చిన నాలుగో కూర్పులో 21 సూచికలున్నాయి. గాలిలోని సూక్ష్మధూళి, డీజిల్ పొగ, తాగునీటిలోని మలినాలు, పురుగుమందులు, ప్రమాదకర వ్యర్థాలు వంటివి ఒక వైపు, ఉబ్బసంతో అత్యవసర విభాగానికి వచ్చినవారి సంఖ్య, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు, పేదరికం, నిరుద్యోగం, ఆదాయంలో అద్దెకు పోయే భాగం వంటివి మరో వైపు. కాలుష్య భారానికి పదికి, ప్రజల పరిస్థితికి పదికి మార్కులు వేసి, ఆ రెండింటినీ కూడకుండా గుణిస్తారు.

గుణించడంలో ఉన్న తేడాను ఒక లెక్కతో చూడవచ్చు. రెండు వాడల్లోనూ కాలుష్యం ఎనిమిది మార్కులు అనుకుందాం. మొదటి వాడలో ప్రజలకు స్థిరమైన ఆదాయం, వైద్యం అందుబాటు ఉన్నాయి కనుక వారి పరిస్థితికి మూడు మార్కులు పడ్డాయి. రెండో వాడలో తొమ్మిది పడ్డాయి. కూడితే 11, 17 వస్తాయి. గుణిస్తే 24, 72 వస్తాయి. ఒకే పొగ ఆరోగ్యంగా ఉన్నవాడికంటే ఇప్పటికే ఉబ్బసంతో, ఇరుకింట్లో, మందులు కొనలేని స్థితిలో ఉన్నవాడిని ఎన్నో రెట్లు ఎక్కువ దెబ్బతీస్తుందన్న వైద్యశాస్త్ర అవగాహన ఈ గుణకారం వెనుక ఉంది. నా మొగ్గు ఈ పద్ధతి వైపే. అయితే మార్కుల పద్ధతిలో సూచికను మార్చినా, వాటికిచ్చే విలువను మార్చినా ఒక ప్రాంతం జాబితాలోంచి జారిపోవచ్చు. అందుకే ఏ కూర్పులో ఏ ప్రాంతం ఎందుకు చేరిందో, ఎందుకు తప్పిందో ప్రచురించాలి. గణాంకాలే లేని ప్రాంతాలకు ప్రత్యేక దారి ఉండాలి. 2022లో కాలిఫోర్నియా, జనాభా వివరాలు చాలక మొత్తం మార్కులు రాని ప్రాంతాల్లో కాలుష్యం అత్యధికంగా ఉన్న వాటినీ, గుర్తింపు పొందిన తెగల భూములనూ జాబితాలో చేర్చింది.

జాతి వంటి సామాజిక గుర్తింపును సూచికగా తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. న్యూజెర్సీ తీసుకుంది. 2022లో అమెరికా కేంద్ర ప్రభుత్వం తయారు చేసిన సాధనం కోర్టు సవాళ్లకు భయపడి దాన్ని వదిలేసి, గతంలో బ్యాంకులు గృహరుణాలు నిరాకరించిన ప్రాంతాలను సూచికగా చేర్చింది. ఏ దేశంలోనైనా రాజ్యాంగం అనుమతిస్తే నేరుగా చేర్చడమే నిజాయితీ. అనుమతించకపోతే, ఆ వివక్ష మిగిల్చిన గుర్తులను కొలవాలి.

ఎక్కడ ఉంచాలి, ఎవరిని తీసుకోవాలి

కార్యాలయాన్ని పర్యావరణ శాఖ లోపల ఉంచితే ఫైళ్లు దగ్గరగా ఉంటాయి, కానీ ఆ శాఖ తప్పులనే ఎత్తిచూపడం కష్టమవుతుంది. ప్రభుత్వాధినేత కార్యాలయంలో ఉంచితే పలుకుబడి ఉంటుంది, ఎన్నికతో పాటే పోతుంది. శాఖ లోపలే ఉండి, శాఖాధిపతికి నేరుగా జవాబుదారీగా, వార్షిక నివేదికను మాత్రం చట్టసభకు స్వయంగా సమర్పించే ఏర్పాటు ఈ రెండింటి మధ్య పనికొచ్చే దారి. ఆరోగ్యం, గృహనిర్మాణం, రవాణా, కార్మిక శాఖల్లో ఒక్కొక్క అధికారిని పేరు పెట్టి బాధ్యుడిగా నియమించాలి. "సమన్వయ కమిటీ" అన్న పేరుతో సరిపెడితే రెండో సమావేశానికే కింది స్థాయి ఉద్యోగులు రావడం మొదలవుతుంది.

సిబ్బందిలో అనుమతుల ఫైలు చదవగలిగిన ఇంజినీరు, వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే నిపుణుడు, న్యాయవాది, పటాలు, గణాంకాలు చూసేవారు తప్పనిసరి. ప్రజలతో మాట్లాడే ఉద్యోగులను మాత్రం ఆ ప్రాంతాల నుంచే తీసుకోవాలి, వారికి పూర్తి జీతం, ఉద్యోగ భద్రత ఉండాలి. ఇతర శాఖల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవారితోనే కార్యాలయాన్ని నింపితే, తిరిగి వెళ్లవలసిన శాఖను నొప్పించే నోటు ఎవరూ రాయరు.

ఫిర్యాదు వచ్చిన రాత్రి

రాత్రి రెండు గంటలకు ఒక గృహిణి ఫోను చేసి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోందని, పిల్లవాడికి ఊపిరి ఆడటం లేదని చెబుతుంది. మరునాడు పదకొండు గంటలకు ఇన్‌స్పెక్టరు వస్తాడు. అప్పటికి గాలి దిశ మారింది, కర్మాగారంలో ఆ విభాగం ఆగింది. "తనిఖీ సమయంలో ఎటువంటి వాసన గమనించబడలేదు, ఫిర్యాదు ముగించడమైనది" అని ఫైల్లో రాస్తారు. ఇలాంటివి పది జరిగాక ఆమె ఫోను చేయడం మానేస్తుంది, ఆ వాడలో ఫిర్యాదులు తగ్గాయని వార్షిక నివేదికలో అంకె వస్తుంది.

దీన్ని మార్చడానికి పెద్ద సాంకేతికత అవసరం లేదు. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఎలాంటి వాసన, గాలి ఎటు నుంచి వీచింది అన్న నాలుగు గడుల పత్రాన్ని ప్రతి ఇంటికీ ఇవ్వాలి. ఆ సమయానికి దగ్గరి వాతావరణ కేంద్రంలో నమోదైన గాలి దిశను, కర్మాగారం లోపలి కార్యకలాపాల పుస్తకాన్ని తెప్పించి పక్కపక్కన పెట్టాలి. వాసన వచ్చిన క్షణంలోనే గాలిని పట్టి ఉంచే డబ్బాలను శిక్షణ పొందిన కొందరు స్థానికుల ఇళ్లలో ఉంచి, ఆ నమూనాలను ప్రభుత్వ ప్రయోగశాల స్వీకరించేలా నిబంధన రాయాలి. ఈ చివరిదాన్ని మరిచిపోతే, ప్రజలు సేకరించిన నమూనాను "అధీకృతం కాదు" అని పక్కన పెట్టేస్తారు. ఫిర్యాదుదారుకు ఫలితం చెప్పి, ఆమెకు అభ్యంతరముంటే నమోదు చేయకుండా ఏ ఫిర్యాదునూ ముగించకూడదు. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం పోయినా, ఇల్లు ఖాళీ చేయమన్నా అది శిక్షార్హమని చట్టంలో ఉండాలి.

నిరంతర కొలతకు అమెరికా చమురుశుద్ధి కర్మాగారాలకు 2015లో వచ్చిన నిబంధన మంచి నమూనా. కర్మాగారం ప్రహరీ చుట్టూ చిన్న గొట్టాలను అమర్చి, రెండు వారాలకొకసారి మార్చి, వాటిలో చేరిన విషపూరిత రసాయనం బెంజీన్‌ను కొలుస్తారు. ఏడాది సగటు ఘనపు మీటరుకు 9 మైక్రోగ్రాములు దాటితే కంపెనీయే కారణం వెతికి సరిచేయాలి, కొలతలన్నీ ప్రజలకు కనిపించాలి. ఈ గొట్టాలకు విద్యుత్తు కూడా అక్కర్లేదు. ఖరీదైన కేంద్రం ఒకటి నగరం నడిబొడ్డున పెట్టడం కంటే కంచె దగ్గర పెట్టే ఇలాంటి చౌక కొలతలే ఈ కార్యాలయానికి ఎక్కువ ఉపయోగం.

ప్రజాభిప్రాయ సేకరణ

1992లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం పక్కన కలపను కాల్చే విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన అనుమతి మీద స్థానికులు ఈపీఏకు పౌరహక్కుల ఫిర్యాదు చేశారు. అనుమతి ప్రక్రియలో ప్రజల భాగస్వామ్యం విషయంలో నల్లజాతివారి పట్ల వివక్ష జరిగిందని ఈపీఏ తేల్చినది 2017 జనవరిలో. అప్పటికి ఆ కేంద్రం రెండు దశాబ్దాలకు పైగా నడుస్తూనే ఉంది. మధ్యలో 2014లో అదే నగరానికి తాగునీటి వనరును మార్చి, గొట్టాలు తుప్పు పట్టకుండా కలపవలసిన రసాయనాన్ని కలపకపోవడంతో సీసం నీళ్లలోకి దిగిన ఉదంతం ప్రపంచమంతా చూసింది. ఫిర్యాదు పరిష్కారానికి గడువును చట్టంలోనే రాయాలని, గడువు దాటితే అనుమతి అమలు నిలిచిపోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఈ కేసే.

సభ నిర్వహణ గురించి చెప్పవలసినవి చిన్నవే కానీ ఫలితం వాటి మీదే ఆధారపడుతుంది. పనిదినం ఉదయం పదకొండుకు జిల్లా కేంద్రంలో పెట్టిన సభకు రోజు కూలీ వదులుకొని రాగలిగేవారు ఉండరు. సభ సాయంత్రం, ఆ వాడలోనే జరగాలి. పిల్లలను చూసుకునే ఏర్పాటు, ఆ వాడలో మాట్లాడే భాషల్లో అనువాదకులు ఉండాలి. నాలుగు వందల పుటల సాంకేతిక నివేదికతో పాటు, చదివి వినిపించగలిగిన నాలుగు పుటల సారాంశాన్ని ఆ భాషల్లో కనీసం రెండు నెలల ముందు ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ నివేదికను ప్రజల తరఫున చదివి చెప్పే స్వతంత్ర నిపుణుడిని పెట్టుకోవడానికి వారికి ప్రభుత్వమే డబ్బు ఇవ్వాలి. కంపెనీ వైపు పదిమంది నిపుణులు కూర్చున్న సభలో "మీ అభిప్రాయం చెప్పండి" అని వృద్ధురాలి చేతికి మైకు ఇవ్వడాన్ని భాగస్వామ్యం అనలేం. సభలో వచ్చిన ప్రతి అభ్యంతరానికీ నిర్ణయపత్రంలో జవాబు ఉండాలి.

డబ్బు

కాలిఫోర్నియా 2012 నాటి చట్టం ద్వారా వాతావరణాన్ని వేడెక్కించే వాయువులను వదలడానికి కంపెనీలు కొనుక్కునే అనుమతుల వేలంలో వచ్చే నిధుల్లో 25 శాతం అణగారిన ప్రాంతాలకు మేలు చేసేలా ఖర్చు చేయాలని నిర్దేశించింది. "మేలు చేసేలా" అన్న మాట వదులుగా ఉందని గమనించి, 2016లో ఆ 25 శాతం ఆ ప్రాంతాల సరిహద్దుల లోపలే ఖర్చు కావాలని సవరించింది. దానికి తోడు తక్కువ ఆదాయ కుటుంబాల కోసం మరో 10 శాతం కేటాయించింది. న్యూయార్క్ 2019 చట్టంలో కనీసం 35 శాతం, లక్ష్యంగా 40 శాతం ప్రయోజనాలు అని రాసుకుంది. 2021లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 40 శాతం లక్ష్యం కూడా "ప్రయోజనాల" గురించే. ప్రయోజనాన్ని లెక్కించడానికి ఒక్కొక్క శాఖ ఒక్కొక్క సూత్రం వాడుతుంది, ఖర్చును లెక్కించడానికి రసీదు చాలు. వీలైనంతవరకు ఖర్చు భాషలోనే రాయాలి.

నిధులు ఎలా చేరతాయన్నదీ ముఖ్యమే. ముందు ఖర్చు పెట్టి తరువాత బిల్లులు పెట్టుకోమంటే చిన్న సంఘాలు దరఖాస్తే చేయలేవు, కనుక బయానాగా కొంత మొత్తం ముందే ఇవ్వాలి. 2022లో అమెరికా చట్టసభ ఈ పనుల గ్రాంట్ల కోసం 300 కోట్ల డాలర్లు కేటాయిస్తే, 2025లో వాటిలో అనేకం మధ్యలోనే రద్దయ్యాయి. బడ్జెట్ పద్దు మీద కాకుండా జరిమానాలు, కాలుష్య రుసుముల నుంచి నేరుగా జమయ్యే ప్రత్యేక నిధి మీద ఆధారపడే కార్యాలయానికి ఇలాంటి దెబ్బను తట్టుకునే అవకాశం కొంత ఎక్కువ.

ఇంకొక సంగతి తరచుగా మరుగున పడుతుంది. వాడ శుభ్రపడి, చెట్లు పెరిగి, పార్కు వచ్చాక అద్దెలు పెరిగి, ఏళ్లుగా పొగ పీల్చినవారే అక్కడి నుంచి వెళ్లిపోవలసి వస్తుంది. శుద్ధి పనులకు డబ్బు విడుదలయ్యే రోజే అద్దెదారుల రక్షణ ఉత్తర్వు కూడా విడుదల కావాలి.

మొదటి ఏడాది

అన్ని ప్రాంతాలనూ ఒకేసారి చేపట్టడం అత్యాశ. మార్కుల్లో పైన ఉన్నవాటిలో మూడు నుంచి ఐదు ప్రాంతాలను ఎంచుకుని, ప్రతిచోటా ఉన్న అనుమతులన్నిటినీ ఒకే పటం మీదకు ఎక్కించాలి. గడువు తీరి కూడా పునరుద్ధరణ లేకుండా నడుస్తున్న అనుమతులు ఈ దశలోనే బయటపడతాయి, మొదటి తనిఖీలు అక్కడి నుంచే మొదలుకావాలి.

వార్షిక నివేదికలో ఎన్ని సమావేశాలు జరిగాయో, ఎంతమందికి శిక్షణ ఇచ్చారో రాయడం అలవాటుగా మారుతుంది. వాటికి ఒక పేజీ చాలు. మిగిలిన పేజీల్లో ఈ కార్యాలయం జోక్యం వల్ల ఎన్ని అనుమతులు మారాయి, ఎన్ని ఆగాయి, ఒక్కో కర్మాగారానికి ఆ ప్రాంతాల్లో ఎన్ని తనిఖీలు జరిగాయి, ఇతర ప్రాంతాల్లో ఎన్ని, ఫిర్యాదు నుంచి చర్యకు ఎన్ని రోజులు పట్టింది, కంచె దగ్గర కొలత ఎంత తగ్గింది అన్నవి ఉండాలి. సలహాను శాఖ పాటించని సందర్భాలను పేర్లతో సహా విడి అధ్యాయంగా ప్రచురించాలి.

పటాలు, కొలతల భద్రత గురించి నిబంధన కూడా ఆ ఏడాదిలోనే రావాలి. 2015 నుంచి ప్రజలకు అందుబాటులో ఉన్న ఏ ప్రాంతం మీద ఎంత కాలుష్య భారం ఉందో చూపే ఈపీఏ వారి ఈజేస్క్రీన్ పటం 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి మాయమైంది. ముందుచూపుతో నకళ్లు దాచుకున్న బయటి పరిశోధకులు దాన్ని తిరిగి అందుబాటులోకి తెచ్చారు. అది వారి చొరవ, ప్రభుత్వ ఏర్పాటు కాదు. కొత్త కార్యాలయం తన సమాచారం మొత్తం నకలును, దాన్ని లెక్కించిన సూత్రాలతో సహా, మూడు నెలలకొకసారి ప్రభుత్వ అధీనంలో లేని కనీసం రెండు విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు అందజేయాలి, అందిన రసీదును వార్షిక నివేదికకు జతచేయాలి.